మాంద్యకాలమున ఇంటర్నెట్టు టెలిఫోను



నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలలో తెలుగు చెప్పి, విశ్రాంతి పుచ్చుకొని, రుషికొండలో కాపురమున్న వాడను. మా యింటికి ఒకవైపు సముద్రము, మరియొకవైపు కంప్యూటరు కంపెనీలున్న కొండలు. భీమునిపట్టణము, ఆనందపురము, పద్మనాభము ప్రాంతముల నుండి నాకు తెలిసిన రైతులును, పాత శిష్యుల తండ్రులును వచ్చి తరచుగా ఒకే ప్రశ్న అడుగుచుందురు. "మాస్టారు గారూ, మా వాడు కొండమీది కంపెనీలో ఫోను మాటలాడే ఉద్యోగంలో చేరతానంటున్నాడు. అమెరికాలో వ్యాపారాలు పడిపోతే ఇక్కడ మావాడి గతి ఏమిటి? పొలం తనఖా పెట్టి శిక్షణ ఇప్పించమంటారా?" అని. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో సమాధానము చెప్పుట తగదు. పొలము తనఖా యన్నది చిన్న మాట కాదు గదా! కావున ఇంటర్నెట్టు టెలిఫోను వ్యాపారమునకు మాంద్యము వచ్చినప్పుడెల్ల ఏమి జరిగినదో, ఎవరు చెడిరో, ఎవరు బాగుపడిరో తెలిసినంత మేర విన్నవించెదను.

మొదట ఆ టెలిఫోను సంగతి. పాత టెలిఫోనులో ఇద్దరు మాటలాడునప్పుడు వారి నడుమ నున్న దారి యంతయు వారికే విడిచిపెట్టబడి యుండెడిది. వారు మౌనముగా నున్నను ఆ దారిలో మరొకరు పోరాదు. ఒక్క పెండ్లిబండి కొరకు ఊరి బాట నంతటిని మూసివేసినట్టు. ఇంటర్నెట్టు టెలిఫోనులో అట్లు కాదు. మన మాటను యంత్రము చిన్న చిన్న ముక్కలుగా కోయును. ఒక్కొక్క ముక్క సాధారణముగా సెకండులో ఏబదియవ వంతు. ప్రతి ముక్కకు వరుస సంఖ్యయు, చేరవలసిన చిరునామాయు వేసి, అందరి సరకులు పోవు బాటనే పంపును. అవతలి యంత్రము వానిని వరుసగా పేర్చి చెవికి వినిపించును. సంతకు పోవు బండ్లలో మన బస్తాను గూడ వేసి పంపినట్టు. అందుచేతనే కిరాయి తగ్గినది. 1995లో ఇజ్రాయేలు దేశపు వోకల్‌టెక్ అను సంస్థ ఈ విధమున మాటలాడు సాధనమును మొదటిసారి బజారులో పెట్టినది.

అయితే బండ్లు నడచుటకు బాట వలయును. ఖండమునకును ఖండమునకును నడుమ ఆ బాట సముద్రగర్భమున వేసిన తీగ. తలవెండ్రుక వంటి సన్నని గాజు పోగులలో వెలుగుగా మారి మాట పరుగెత్తును. ఈ తీగ వేయుట కాలువ త్రవ్వుట వంటిది. ఖర్చంతయు ముందే పెట్టవలెను. త్రవ్విన పిమ్మట అందులో చెంబెడు నీరు పారినను, నిండుగ పారినను త్రవ్విన ఖర్చు మారదు. అప్పు తెచ్చి త్రవ్వినచో వడ్డీయు మారదు. మారునది నీటి తీరువ ఒక్కటే. మాంద్యము వచ్చినప్పుడు తీరువ పడిపోవును. అప్పు మాత్రము నిలిచియుండును.

ఈ కష్టము మన తాతలకు తెలియనిది కాదు. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యమున ధాన్యపు ధర పడిపోయినది. కాని నోటు మీద వ్రాసిన అప్పు పడిపోలేదు. పది బస్తాలమ్మి తీర్పగల అప్పునకు మరెన్నో బస్తాలమ్మవలసి వచ్చెను. పంట పండియు రైతు చెడెను. ఆ బాధ ఎంతవరకు పోయినదనగా, 1938లో మదరాసు ప్రభుత్వము రైతుల ఋణభారమును తగ్గించుటకు ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చినది. ఇంటర్నెట్టు టెలిఫోను వ్యాపారమున కూలిపోయిన సంస్థల కథ కూడ ఇదియే. వారికి పంట లేక కాదు. పంట పండియు ధర లేక, అప్పు తీరక కూలిరి.

మొదటి దెబ్బ 2000 సంవత్సరము మొదలు 2002 వరకు తగిలినది. అంతకు ముందు నాలుగైదేండ్లు అమెరికా, ఐరోపా దేశములలోని కంపెనీలు పోటీపడి అప్పులు చేసి సముద్రముల క్రింద తీగలు పరచినవి. లోకమంతయు రేపే ఇంటర్నెట్టులో మాటలాడునని వారి లెక్క. లెక్క తప్పు కాదు, కాలము తప్పినది. కొన్నవారు తక్కువై, తీగలు ఎక్కువై, ధర నేలబడినది. 2002 జనవరిలో గ్లోబల్ క్రాసింగ్, ఏప్రిలులో ఫ్లాగ్ టెలికాం, జులైలో వరల్డ్‌కాం అను మహాసంస్థలు అప్పులవారి నుండి రక్షణ కోరుచు న్యాయస్థానము నాశ్రయించినవి. వాటాలు కొన్నవారి సొమ్ము బూడిద పాలాయెను. వేలమంది ఉద్యోగులు వీధిని బడిరి.

ఇక్కడ ఒక విశేషమును గమనింపుడు. కంపెనీ కూలినను తీగ కూలదు. త్రవ్వించిన దొర దివాలా తీసినను కాలువ ఎండిపోదు గదా! టైకో అను సంస్థ 200 కోట్ల డాలర్లకు మించి ఖర్చు పెట్టి భూగోళము చుట్టును వేసిన తీగలను, 2005 నాటికి టాటావారి అధీనమున నున్న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 13 కోట్ల డాలర్లకు కొనినది. ఫ్లాగ్ తీగలను రిలయన్సు వారు 20 కోట్ల 70 లక్షల డాలర్లకు బేరము కుదుర్చుకొని, 2004లో చేజిక్కించుకొనిరి. ఒకరి మాంద్యము మరియొకరికి మంచి బేరమైనది.

సరిగా ఆ కాలముననే మన దేశమున రెండు ద్వారములు తెరవబడినవి. 2002 ఏప్రిలు 1వ తేదీ నుండి విదేశములతో మాటలాడించు హక్కు విదేశ్ సంచార్ నిగమ్ ఒక్కదానిదే కాకుండ పోయినది. అదే దినము నుండి ఇంటర్నెట్టు టెలిఫోనుకును సర్కారు అనుమతి నిచ్చినది. కంప్యూటరు నుండి కంప్యూటరుకును, ఇక్కడి కంప్యూటరు నుండి విదేశములోని ఫోనుకును మాటలాడవచ్చును. స్వదేశములోని మామూలు ఫోనుకు మాత్రము కూడదని నాటి నియమము. ఆ చివరి ఆటంకము 2018లో తొలగినది.

ఈ రెండును కలిసి వచ్చిన ఫలమును మీరందరును చూచియే యున్నారు. పూర్వము అమెరికాలోని కొడుకుతో మాటలాడవలెనన్న, తల్లి మాటలను ముందే మనసులో పేర్చుకొని గడియారము వంక చూచుచు మాటలాడెడిది. నిమిషమునకు పదుల రూపాయలు. తరువాత ఆ వెల తరిగి తరిగి, నేడు మనుమని ముఖము చూచుచు ఎంతసేపైన మాటలాడుచున్నది. దూరపు మాట చవుకయగుటకు కారణములలో నొకటి, ఏ దేశమందో పెట్టుబడిదారులు పోగొట్టుకొన్న సొమ్ము. మన పట్టణములలో ఫోను మాటలాడు కార్యాలయములు, అనగా కాల్ సెంటర్లు, వెలియుటకును ఆ చవుకదనమే ముఖ్య కారణములలో నొకటి. అమెరికాలోని ఖాతాదారు అడిగిన ప్రశ్నకు విశాఖపట్టణములోని పిల్లవాడు సమాధానము చెప్పవలెనన్న, నడుమనున్న మాట కిరాయి తక్కువగా నుండవలెను గదా!

రెండవ దెబ్బ 2008లో తగిలినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అను అమెరికా సంస్థ కూలినది; లోకమంతట అప్పు పుట్టుట దుర్లభమైనది. అప్పు మీద నడుచు ఫోను సంస్థలకు ఊపిరి యాడలేదు. వోనేజ్ అను ఇంటర్నెట్టు టెలిఫోను సంస్థ 2006లో తన వాటాలను ఒక్కొక్కటి 17 డాలర్లకు జనులకు అమ్మినది. 2008 చివరకు ఆ వాటా ఒక డాలరుకును దిగువకు జారినది. ఆ నవంబరులో 22 కోట్ల డాలర్ల క్రొత్త అప్పు తెచ్చుకొని, పాత అప్పు తీర్చి, అది బ్రదికి బయటపడినది. దానికి పోటీగా నిలిచిన సన్‌రాకెట్ అను సంస్థ మాంద్యము రాకముందే, 2007 జులైలో, రెండు లక్షలకు పైగా ఖాతాదారులను నడివీధిని విడిచి తలుపులు మూసినది.

కంపెనీలు ఇట్లు తడబడుచుండగా జనుల మాట తగ్గినదా? తగ్గలేదు. స్కైప్ అను సాధనము 2003లో పుట్టినది. ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి ఉచితముగా మాటలాడించునది. దాని ద్వారా దేశాంతరములకు జరిగిన సంభాషణ 2008లో 3,300 కోట్ల నిమిషములని, మాంద్యము ముదిరిన 2009లో 5,400 కోట్ల నిమిషములని ఆ రంగమును పరిశీలించువారి అంచనా. చేతిలో డబ్బు తగ్గిన కొలది జనులు ఖరీదైన ఫోనును విడిచి చవుక ఫోనును పట్టుకొనిరి. బియ్యము ప్రియమైనప్పుడు జొన్న అన్నము తిన్నట్టు. కడుపు మాడ్చుకొనలేదు, ధాన్యము మార్చుకొనిరి. వాట్సప్ పుట్టినదియు ఆ 2009లోనే. 2015 నుండి అది మాటను గూడ ఉచితముగా మోయుచున్నది.

కాని ఉచితముగా మోయువానికి కూలి ఎవరిత్తురు? ఇది స్కైపుకు కడవరకు తీరని చిక్కు. 2005లో ఈబే సంస్థ దానిని 260 కోట్ల డాలర్లకు కొని, 2009లో పెక్కు వాటాలను ఇతరులకు అమ్మివేసినది. 2011లో మైక్రోసాఫ్టు వారు 850 కోట్ల డాలర్లకు కొనిరి. 2025 మే 5వ తేదీన దానిని మూసివేసిరి. ఇరువది యేండ్లకు పైగా లోకమును మాటలాడించినది నేడు లేదు. అయినను మాటలాడువారు తగ్గలేదు. మరొక బండి ఎక్కిరి.

మూడవసారి 2020లో వచ్చిన విపత్తు మాంద్యములలో విడ్డూరమైనది. మార్చి చివర దేశమంతయు తలుపులు మూసికొనినది. ఆ యేప్రిలు, మే, జూను మాసములలో దేశపు ఉత్పత్తి, ముందటి సంవత్సరపు అవే మాసములతో పోల్చగా, నూటికి సుమారు 24 వంతులు పడిపోయినదని నాటి మొదటి లెక్క. ఉక్కు నుండి ఇడ్లీ కొట్టు వరకు అన్నియు కుంటుపడగా ఇంటర్నెట్టు మాట మాత్రము పొంగినది. జూమ్ అను సాధనమున 2019 డిసెంబరులో దినమునకు ఒక కోటిమంది సమావేశములలో పాల్గొనుచుండగా, 2020 ఏప్రిలులో ఆ సంఖ్య 30 కోట్లు చేరినది. కాల్ సెంటరు పనివారు ఇంటి నుండి పని చేయుటకు సర్కారు తాత్కాలికముగా అనుమతించి, ఆ నవంబరులో నియమములనే సడలించినది. పల్లెలో తండ్రి ఇంటి అరుగు మీదనే కూర్చుండి విదేశస్థులతో మాటలాడిన పిల్లలను మీరును చూచియుందురు.

పొంగు చల్లారక మానునా? 2023 ఫిబ్రవరిలో ఆ జూమ్ సంస్థయే సుమారు 1,300 మందిని, అనగా తన ఉద్యోగులలో నూటికి 15 మందిని తొలగించినది. దాని అధిపతి మరుసటి సంవత్సరపు తన జీతమున నూటికి 98 వంతులు తగ్గించుకొందునని ప్రకటించెను. అధిపతి జీతము తగ్గిన బ్రదుకగలడు. పోయిన ఉద్యోగికి నెలవాయిదా ఎవరు కట్టుదురు?

ఇక మన పిల్లల మాటకు వత్తును. మాంద్యమున మాటలాడువానికి లాభము. తీగ వేసిన అప్పులవానికి నష్టము. చవుకగా కొన్నవానికి లాభము. వీరు మువ్వురును కాక నాలుగవవాడు మన పిల్లవాడు. వాడు ఏ వైపున నుండునో ముందుగా చెప్పరాదు. విదేశపు కంపెనీ ఖర్చు తగ్గించుకొనదలచి పనిని ఇక్కడికి పంపిన వానికి లాభము. ఆ కంపెనీ పనినే తగ్గించుకొన్న వానికి నష్టము. ఒకే మాంద్యమున ఈ రెండును జరుగుట కలదు.

2009 ప్రాంతమున నా శిష్యుడొకనికి ఒక కంపెనీ నుండి నియామక పత్రము వచ్చినది. చేరు తేదీ మాత్రము రాలేదు. ఈ నెల, వచ్చే నెల అనుచు పదునొకండు నెలలు గడపిరి. తండ్రి ఎకరమున్నర మీద తెచ్చిన అప్పునకు వడ్డీ ఆగలేదు. ఆ పిల్లవాడు బుద్ధిమంతుడు. పత్రమును పెట్టెలో పెట్టి, తీగలు కలుపుట, యంత్రములు అమర్చుట, చెడినవానిని బాగుచేయుట నేర్చుకొనినాడు. కడకు ఆ కంపెనీ పిలిచినది, వాడు పోలేదు. అప్పటికే నగరములోని ఆసుపత్రులును, కార్యాలయములును వానిని పిలుచుచుండెను. మాటలాడు ఉద్యోగము పరుల పంట మీద ఆధారపడినది. మాట పోవు బాటను బాగుచేయు విద్య ఎవరి పంట ఎండినను పనికివచ్చినది.

కరువు కాలమున దొంగలు కూడ పెరుగుదురు. ఇంటర్నెట్టు మాట చవుకయగుటచే మోసమును చవుకైనది. విదేశపు ఫోను మాటను దొంగచాటుగా స్థానిక మాటగా మార్చు పెట్టెలను అద్దె గదిలో పెట్టించి, "నెలకింత యిచ్చెదము, చూచుకొనుచుండుము" అని నిరుద్యోగులను ఊరించువారు కలరు. అది నేరము, పట్టువడువాడు గదిలో నున్నవాడే. అంతకన్న ఘోరమైనది 2024 మే మాసమున బయటపడినది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, సొమ్ము పుచ్చుకొని, మన ప్రాంతపు యువకులను కంబోడియాకు చేర్చి, అక్కడ నిర్బంధించి, ఇంటర్నెట్టు ద్వారా స్వదేశీయులనే మోసగించు పని చేయించుచున్న ముఠాను విశాఖపట్టణపు పోలీసులు పట్టుకొనిరి. ఉద్యోగము దొరకని కాలమునందే ఇట్టి మధ్యవర్తి మాట తీయగా నుండును. ఊరిలో పెద్దవాడు "ఏ దేశము? ఏ కంపెనీ? పత్రమేది?" అని గట్టిగా అడిగిన, కొన్ని ఇండ్లైనను నిలుచును.

ఇప్పుడు మా రుషికొండ సంగతి. 2025 అక్టోబరులో ఇక్కడి ఐటీ పార్కునందు సిఫీ సంస్థవారి సముద్రపు తీగల స్టేషనుకు శంకుస్థాపన జరిగినది. ఇంతకాలము తూర్పు తీరమున ఆ తీగలు ముఖ్యముగా చెన్నపట్టణమున ఒడ్డెక్కుచుండెను. ఆ నెలలోనే గూగుల్ సంస్థ ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల ఖర్చుతో విశాఖపట్టణమున గొప్ప కేంద్రమును కట్టుదునని, సముద్రపు తీగలను కూడ తెత్తునని ప్రకటించినది. సంతోషింపదగినదే. అయితే ఇదంతయు మన పిల్లలకు ఉద్యోగములై రాలునని తొందరపడి భూములు తనఖా పెట్టరాదు. తీగ వచ్చుట వేరు, కూలి వచ్చుట వేరు. కాలువ వచ్చినంత మాత్రమున పంట రాదు, దున్నవలెను, విత్తవలెను. అట్లని కాలువను చూచి భయపడనును వలదు. ఇంతకుముందు చెప్పిన ఫ్లాగ్ తీగల యజమాన్యము 2002లో నొకసారి దివాలా పడెను; చేతులు మారిన పిమ్మట 2019లో మరల న్యాయస్థానమున కెక్కెను. తీగలలో మాట మాత్రము పారుచునే యుండెను.

కావున మీ ప్రశ్నకు నా విన్నపము ఇది. పిల్లవానిని ఆ పనికి పంపుడు, కాని పొలము తనఖా పెట్టి పంపవలదు. మాంద్యమున అందరికంటె ముందు చెడువాడు అప్పున్నవాడే. ఇది కంపెనీకి ఎట్లో కుటుంబమునకు నట్లే. చేరక ముందు డిపాజిట్టు కట్టుమను చోటికి పంపవలదు. చేరిన పిమ్మట మొదటి ఆరు మాసముల జీతములో కొంత ప్రక్కన పెట్టించుడు. పని పోయిన నాడు అదియే గింజ. ఒక్క దేశపు యాస మాత్రమే నేర్చి తృప్తిపడనీయక, యంత్రముల పనియు, లెక్కల పనియు, చక్కని తెలుగును గూడ నేర్పించుడు. ఫోనులో మాటలాడు పనిని యంత్రమే చేయు దినములు వచ్చినవి. మాట వెనుకనున్న విద్య తెలిసినవానికి మాత్రము పని మిగులును.

మాంద్యము వచ్చును, పోవును. ఇంటి అప్పు, పిల్లవాని విద్య, ఈ రెంటిని ముందుగా లెక్క చూచుకొన్న ఇంటికి అది ఎండకారు వంటిది. కష్టపెట్టును గాని వేరును తీయదు.